బక్కమ్మ ఇంటి పెరుగు

పాలకీడులో ఎవరింట్లో తోడు అయిపోయినా గిన్నె పట్టుకుని బక్కమ్మ ఇంటికే వస్తారు. ఆమె ఇంటి తోడుతో పెరుగు గడ్డలా పేరుకుంటుందని నమ్మకం. గొర్రెల మంద దగ్గరా ఆమెకు అలాంటి పేరే ఉంది. లేవలేని గొర్రెపిల్లల్ని ఒళ్లో వేసుకుని, వేలితో మజ్జిగ నాకించి బతికించేది. కొన్ని చచ్చిపోయేవి. వాటి గురించి ఎవరూ చెప్పుకునేవాళ్లు కాదు.

కోడలు నవనీతకు ఎనిమిదో నెల పడగానే కాన్పయింది. పాపను మిర్యాలగూడ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంచి, కాస్త బరువు పెరిగాక పంపారు. తల్లిపాలలో కలిపి పట్టమని పొడి పొట్లాలిచ్చారు. అవేమిటని బక్కమ్మ అడిగింది.

“నెలలు నిండలేదు కదా అవ్వా, కడుపులో మంచి బాక్టీరియా పెరగాలని ఇస్తారు,” అంది కోదాడ నుంచి ఆ దవాఖానకు వచ్చే నర్సు పూర్ణిమ. “పాలకి తోడు వేస్తాం చూడు, అట్లాంటిదే.”

బక్కమ్మకు ఆ చివరి మాట బాగా అర్థమైంది.

ఇంటికొచ్చాక పాప పాలు సరిగ్గా తాగక సన్నగా ఏడ్చేది.

“గా పొడి ఎన్నడు చేసిండ్రో ఏమో. ఇంట్ల తాజా తోడు పెట్టుకొని పొట్లాలెందుకే?”

“నీ మందల గొర్రెపిల్లనా అత్తమ్మా అది? ఇంకేం పెట్టొద్దన్నది డాక్టరమ్మ.”

“గొర్రెపిల్లయితే ఈపాటికి ఎగురుతుండె!”

నవనీత నవ్వుకుంటూ స్నానానికి వెళ్లింది. బక్కమ్మ మజ్జిగలో వేలు ముంచింది.

పాప చప్పరించింది. ఆ పూట కదలకుండా నిద్రపోయింది. దాంతో బక్కమ్మకు ధైర్యం వచ్చింది. కోడలు స్నానానికి వెళ్లినప్పుడల్లా నాకించింది.

ఒక పొద్దున పాప ఏడవలేదు. పాలు పట్టబోతే పచ్చగా కక్కింది. బక్కమ్మ పాప పొట్ట మీద చేయి వేసింది. బిగుసుకుని, నున్నగా మెరుస్తోంది. మందలో అలాంటి పొట్టలు ఆ చేతికి తెలుసు.

“ధర్మేందర్, బండి తియ్యి,” అని కొడుకును కేకేసింది.

దవాఖానలో డాక్టరమ్మ పాప పొట్ట మీద స్టెతస్కోపు అటూ ఇటూ మార్చి మార్చి పెట్టింది. “పాలు, పొడి కాకుండా ఇంకేమన్నా పెట్టారా?”

“ఏం పెట్టలే మేడం,” అంది నవనీత.

స్టెతస్కోపు మళ్లీ జరిగింది. డాక్టరమ్మ ముఖంలో మార్పు లేదు.

“మజ్జిగ నాకించిన,” అంది బక్కమ్మ. “నేనే. రోజూ.”

తిడుతుందనుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. “పూర్ణిమా, పాలు ఆపెయ్, పేగులు వాచినట్టున్నయ్. ఎక్స్‌రే తియ్యాలె. అంబులెన్స్‌ను హైదరాబాద్‌కు రెడీగా ఉండమను,” అంటూ పాపను ఎత్తుకుని లోపలికి నడిచింది.

బక్కమ్మ వెనకే వెళ్లబోయింది. నవనీత గుమ్మంలో చేయి అడ్డం పెట్టింది.

“నువ్వు రాకు.”