మట్టి పడని బొండాం డొక్కలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను అమలాపురం దగ్గరి ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణానికి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా డెప్యుటేషన్ మీద పంపారు. తడి చెత్త గోతుల్లోకి, పొడి చెత్త షెడ్డులోకి వెళ్ళేలా చూడడం నా పని. షెడ్డులో కాగితం, ప్లాస్టిక్, గాజు విడదీసి పాత సామాన్ల వ్యాపారికి పంపేవాళ్ళం. ఆ విడదీసే పని సువార్తమ్మది. ఔట్‌సోర్సింగ్ మనిషి, షెడ్డు వెనక గదిలోనే కాపురం.

మాకు అసలు తలనొప్పి నీళ్ళు తాగి పారేసిన కొబ్బరి బొండాం డొక్కలు. తడి చెత్తే, కానీ గోతిలో వేస్తే ఓ పట్టాన కుళ్ళవు. మా పైఅధికారి ఎస్టేట్ ఆఫీసరు గారిది కొబ్బరి తోటల కుటుంబం. తోటల్లో చేసినట్టే మొక్కల వరసల మధ్య కాలవ తీసి, డొక్కలు వెల్లకిలా పేర్చి, మట్టి కప్పమన్నారు. అలా పేరిస్తే వాన నీరు పట్టి వేళ్ళకు చెమ్మ అందుతుంది. మంచి పద్ధతే. షెడ్డు పక్కనే కాలవ తీయించాను.

తీసిన మట్టిని స్నాతకోత్సవానికి వచ్చే అతిథుల కార్లు నిలిపే చోటు చదునుకి తోలేశారు. ఉత్సవంలో తాగిన బొండాల డొక్కలన్నీ కాలవలో పేర్చారు. మట్టి మాత్రం తిరిగి రాలేదు. అడిగితే, బిల్లులు తేలాక తెప్పిద్దామన్నారు ఆఫీసరు గారు.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. ప్రతి డొక్కలోనూ నీళ్ళు, ఆ నీళ్ళలో దోమ పిల్లలు. పోనీ బోర్లిస్తామంటే, "పద్ధతి చెడగొట్టకండి. మా తోటలో ఎప్పుడూ దోమలు చూళ్ళేదండీ" అన్నారు. ఆ తోటలో మట్టి కప్పుతారు కాబట్టి చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

సువార్తమ్మకి జ్వరం వచ్చింది. పని మాని పడుకోమన్నాను.

"మానేస్తే నా చోట ఇంకోర్ని పెట్టేత్తారండి. బిళ్ళ ఏసుకున్నానండి, తగ్గిపోద్ది" అంది.

తగ్గలేదు. డెంగీ అని తేలి, కాకినాడ తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది.

సమాధుల దొడ్డిలో అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేసి ప్రాంగణానికి తిరిగొచ్చాను. కాలవ దగ్గర ట్రాక్టరు మట్టి దింపుతోంది.

ఆ తరవాత పదవీ విరమణ దాకా ఒక నియమం పాటించాను. కప్పే మట్టి గట్టు మీద కనబడనిదే, పైనుంచి ఎవరు చెప్పినా కాలవలో ఒక్క డొక్క కూడా వేయనివ్వలేదు.