నతానియేల్ తీసేసిన దయ్యం

పాచిపెంట కొండల్లోని ఆ ఊరి చర్చిలో ప్రసంగం పాస్టరు గారిది, తీర్పు సంఘపెద్ద నతానియేల్‌ది. మిషను వాళ్ళిచ్చిన కంప్యూటరు మాత్రం జీవిత చేతిలో ఉండేది. సాలూరులో పని నేర్చుకొచ్చిన పిల్ల. చర్చి పాటలను సీడీల్లోకి ఎక్కించి పై ఊళ్ళకు పంపేది. ఆ గదికి తాళంచెవులు రెండే, ఒకటి ఆమె దగ్గర, రెండోది నతానియేల్ దగ్గర.

సీడీలు రాసే సాఫ్ట్‌వేరుకు గుర్తు ఒక ఎర్రబొమ్మ. చేతిలో నిప్పు, నెత్తిన చిన్న కొమ్ములు. జీవిత లేనప్పుడు అది నతానియేల్ కంటపడింది. దేవుడి మందిరంలో దయ్యమేమిటని మండిపడి, తెలిసీ తెలియకుండా అవీ ఇవీ నొక్కాడు. తీసెయ్యాలా అని యంత్రం అడిగితే అవునన్నాడు. దయ్యం పోయింది. దాంతోపాటు సీడీ డ్రైవు కూడా తెరమీంచి మాయమైంది.

తప్పు ఒప్పుకోవడానికి పెద్దమనిషికి నోరు రాలేదు. సినిమా పాటలు ఎక్కించి జీవితే యంత్రాన్ని పాడుచేసిందని సంఘం ముందు చెప్పేశాడు. ఆమెను మళ్ళీ ఆ గది గడప తొక్కనివ్వలేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ దేవుడి ఇంట్లోనే నిజానికి చోటు లేకపోయింది. పైగా అక్కడో కట్టుబాటుంది. తప్పు చేసినవాళ్ళు అందరి ముందూ ఒప్పుకునేదాకా, ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఒప్పుకున్నా సరే, సంఘంలో ఒక్కరు అడ్డు చెబితే రొట్టె అందదు. చెయ్యని తప్పును జీవిత ఒప్పుకోలేదు. కూతురికి లేని బల్ల తనకెందుకని తల్లి తెరిసమ్మ కూడా మానేసింది.

మరుసటేడు వానల్లో తెరిసమ్మ జ్వరంతో మంచం పట్టింది. పోయేముందు ఒక్కసారి రొట్టె అడిగింది. పాస్టరు గారు తెచ్చారు కూడా. కూతురు ఒప్పుకుంటేనే ఇవ్వాలని నతానియేల్ గుమ్మంలోనే ఆపేశాడు. ఒప్పుకుంటానని జీవిత లేచింది. తల్లి ఆమె చెయ్యి వదల్లేదు.

“సెయ్యంది సేసినానని సెప్పకు గుంటా,” అంది.

రొట్టె అందకుండానే తల్లి పోయింది.

జీవిత సాలూరులో రిపేరు కొట్లో చేరింది. ఒకరోజు అచ్చం అదే జబ్బుతో ఇంకో కంప్యూటరు వచ్చింది. డ్రైవు తెరమీద లేదు, పరికరాల పట్టీలో దాని పేరు పక్కన పసుపు గుర్తు. సీడీలు రాసే సాఫ్ట్‌వేరు ఏదైనా తీసేశారా అని కొట్టు యజమాని రామారావు వచ్చినవాణ్ణి అడిగాడు. కుక్కను తోలేసి గొలుసును గుమ్మానికి అడ్డంగా వదిలేసినట్టు, సాఫ్ట్‌వేరు పోయినా అది డ్రైవుకు తగిలించిన రెండు పేర్లు యంత్రం లోపలి చిట్టాలో, రిజిస్ట్రీ అంటారే, అందులో ఉండిపోతాయట. లేనిదాన్ని పిలిచి, అది పలక్కపోతే యంత్రం డ్రైవునే ఆపేస్తుంది. ఆ రెండూ చెరిపి మళ్ళీ ఆన్ చేస్తే డ్రైవు తిరిగొచ్చింది. జీవితకు ఒళ్ళు భగ్గుమంది. తను ఏదీ తీసెయ్యలేదు. మరి తాళంచెవి ఉన్న ఇంకో మనిషి నతానియేల్ ఒక్కడే. క్షమించమని వాక్యంలో ఉన్నట్టు ఆమెకు తెలియక కాదు. ఆమెకు పగ కావాలి, దానికోసం కాచుకుంది.

చర్చికి యాభై ఏళ్ళ పండుగ వచ్చింది. నతానియేల్ తండ్రి అక్కడి మొదటి బోధకుడు. ఆయన గొంతు మిగిలింది ఒక్క సీడీలోనే, అదీ కంప్యూటరులో తప్ప పలకని రకం. ఆ గొంతు ఊరంతా వినాలని నతానియేల్ ఆశ. పాస్టరు గారు కబురు పెడితే జీవిత వచ్చింది. అప్పటినుంచీ మూలపడి ఉన్న కంప్యూటరును అందరి ముందూ పెట్టించి ఆన్ చేసింది. ఎర్రబొమ్మ లేదు. డ్రైవు పక్కన పసుపు గుర్తుంది. ఆమె నతానియేల్ వైపు తిరిగింది.

“ఎర్రబొమ్మని తీసిందెవులో సెప్పండి పెద్దయ్యా. సెప్తే మీ నాన్న మాటాడతాడు.”

ఆయన తన చేతిలోని సీడీని ఆమె ముందు పెట్టాడు.

“నానే తీసినాను,” అన్నాడు.

జీవిత ఆ రెండు పేర్లూ చెరిపేసింది. కాసేపటికి ముసలాయన గొంతు చర్చినిండా పలికింది. నతానియేల్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూసినవాళ్ళ మనసులు కరిగాయి. పాస్టరు గారు జీవితను ప్రభువు బల్లకు రమ్మన్నారు. నతానియేల్ కూడా తప్పు ఒప్పుకున్నాడు కదా, అతన్నీ బల్లకు రానిద్దామా, ఎవరికైనా అడ్డుందా అని సంఘాన్ని అడిగారు.

నాకు అడ్డుందని జీవిత ఒక్కతే నిలబడింది. ఇంకా ఎన్నాళ్ళమ్మా అని పాస్టరు గారు బతిమాలారు.

“మా యమ్మొచ్చి సరేనన్నదాకా,” అని, వెళ్ళి తన రొట్టె అందుకుంది.