ఈదమ్మ అవ్వ చూసిన పోలీస్ యాక్షన్

షూటింగులో ఎవరైనా గొంతు చించుకుని "యాక్షన్" అని అరిస్తే, అందరూ ఊపిరి బిగబట్టే ఆ క్షణంలో నాకు నవ్వొస్తుంది. ఇప్పటికి ఇద్దరు దర్శకుల చేత చీవాట్లు తిన్నాను. నా తప్పేం లేదు. ఆ మాటకు అసలు అర్థం నాకు చిట్యాలలో ఈదమ్మ అవ్వ చెప్పింది. మూడేళ్ల సినిమా చదువులో బుర్రకెక్కనిది, ఆమె ఇంట్లో కిరాయికున్న ఆరు నెలల్లో ఎక్కింది.

అప్పట్లో నేను పాత వార్తాచిత్రాల ముక్కలు అతికి, సాయుధ పోరాటం నాటి తెలంగాణ మీద ఓ చిన్న ప్రయోగాత్మక సినిమా చేస్తున్నాను. అందులో ఒక షాటంటే నాకు ప్రాణం. పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయి, భారత సైన్యం పల్లెలోకి వస్తుంది. తలపాగా కట్టిన రైతొకాయన అధికారి మెడలో బంతిపూల దండ వేస్తాడు, జనం విరగబడి నవ్వుతారు. "ఆనందం కట్టలు తెంచుకున్న వేళ" అని నా గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం కూడా తగిలించాను. ఆ కాలం మనిషి కదా అని అవ్వను పిలిచి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను.

అవ్వ కొంగుతో తెర తుడిచి మరీ చూసింది. "గిది మా ఊరే. గాయన మా బాపు," అంది. దండ వేసే ఆ రైతు ఆమె తండ్రి అని తెలిసి నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆమె మాత్రం పకపకా నవ్వింది.

"గిది ఉత్త యాక్షను బిడ్డా. మిలట్రోళ్లు పొద్దుగాలనే వచ్చిన్రు. బాపు దండేసి ఏడ్సిండు. కెమెరా జీపు మాపటికి వచ్చింది. గప్పుడు గా దండనే తీసి మళ్ల ఏపిచ్చిన్రు. అందుకే దాన్ని పోలీస్ యాక్షన్ అంటరేమో అనుకున్న గిన్నొద్దులు."

మా వైపు యాక్షన్ చేయడమంటే నటించడమే మరి. "జనం అంత నవ్వుతున్నారు కదవ్వా?" అన్నాను, పట్టు విడవకుండా.

"నవ్వరా? గప్పటికే సగం దండ మేక తిన్నది."

షాటు ఆపి చూశాను. నిజంగానే దండ ఒకవైపు బోడిగా ఉంది. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న షాటు అది. ఆ సాయంత్రమే నా వ్యాఖ్యానం తీసేసి, అవ్వ మాటలనే రికార్డు చేసి అక్కడ పెట్టాను.

నవ్వు ఆగాక అవ్వ అంది, "జర బాపును గిటు తిప్పు. మొకం చూస్త."

ఆయన వీపే కనిపిస్తుంది, కెమెరా వెనక నుంచి తీసింది, తిప్పలేనన్నాను. "ముందలికి ఉరికిస్తున్నవ్, యెనక్కి ఉరికిస్తున్నవ్, గింత తిప్పరాదా?" అని నా చదువు మీదే అనుమానపడింది. అప్పుడు చెప్పింది. ఆ దండ వేసిన ఏడాదికే వాళ్ల బాపు పోరాట దళం వెంట అడవికి పోయి మళ్లీ రాలేదు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. "గప్పుడు నాకు ఎనిమిదేండ్లు. కండ్లు యాదికున్నయి. ముక్కు యాదికొస్తలేదు."

ఆ రోజు నుంచి పొద్దున్నే జొన్నరొట్టె పట్టుకొచ్చి, "ఇయ్యాలన్న తిరిగిండా?" అని అడిగేది. నేను ఆ రొట్టెలు తింటూ, వేరే రీలేదైనా ఉందేమోనని తెలిసిన ప్రతివాడినీ ఫోన్లో వేధించాను. దొరకలేదు. అయినా ఆమెతో "ఇంకా వెతుకుతున్నానవ్వా" అంటూనే వచ్చాను.

సినిమా పూర్తయ్యాక ఆమె పుట్టినూరి బడి ఆవరణలో, రెండు గుంజల మధ్య తెల్ల ధోవతి కట్టి వేశాం. మేక సంగతి అవ్వ గొంతులోనే వినిపించేసరికి ఊరంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య అవ్వ లేచి, కర్ర ఊతంగా తెర వెనక్కి పోయింది. ఎందుకో అర్థమై నేనూ పరుగెత్తాను.

అటువైపూ అదే వీపు.

"గిటు గూడ ఈపేనా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను చూసి, ధోవతి మీద తండ్రి వీపును అరచేత్తో నిమిరింది. "సిగ్గువడుతుండు బిడ్డా. ఏడ్సిన మొకం గదా?"

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పాత రీళ్లలో వీపు మాత్రమే కనిపించే మనిషి వస్తే, ఆ షాటును కత్తిరించడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇంకాసేపు ఉంచుతాను, తిరుగుతాడేమోనని.