బానెట్ మీద అక్క చెయ్యి

మా అక్క చెయ్యి గుర్తును ఆమె కారు మీద నుంచి తీసేసింది నేనే. ఆమె బతికి ఉండగానే, ఆమె కళ్ళ ముందే, మెషిను పెట్టి తీసేశాను. బాగా తీశానని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు మా బావ ఆ గుర్తు కోసం వెతుకుతున్నాడు. అది ఇక లేదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది కూడా నాకే.

చిల్లకూరు దగ్గర హైవే పక్కన ఒక షెడ్డు ఉంది. అక్కడ కార్లకు పాలిషు పట్టి పైన కోటింగు వేస్తాను. అంతకుముందు జువ్వలదిన్నెలో పడవలకు రంగులు వేసేవాణ్ణి. చెక్క పడవలు పోయి ఫైబరు పడవలు వచ్చాయి. ఫైబరుకు రంగు అచ్చులోనే కలిపి పోస్తారు, నాతో పనేముంది? తెలిసినవాళ్ళు పిలిస్తే ఇటు వచ్చి పడ్డాను. అప్పటికి నాకు నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు. షెడ్డులో పాలిషు మందుల సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. గరుకు మందు ఏదో నున్న మందు ఏదో మూత తీసి వేళ్ళ మధ్య నలిపి తెలుసుకునేవాణ్ణి. ఒకరోజు ఆ నలపడం కూడా మరిచి ఒక తెల్లకారు తలుపు నాశనం చేశాను. ఆ సంగతి విని అక్కే నాకు చదువు చెప్పింది. తన పిల్లలు చదువుకునేటప్పుడు పక్కన కూర్చొని నేర్చుకున్న మనిషి ఆమె. ఆదివారాలు నేను ఊరికి పోతే పలక ముందు పెట్టేది. "నీ నెత్తిన పేడ ఉండాదిరా" అని తిట్టకుండా ఒక్క గుణింతం కూడా చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరాలు తర్వాత సీసాల మీద చూసి నేనే పట్టుకున్నాను. కాబట్టి నా రాత నున్నగా ఉండదు. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

అక్క ముప్పై ఏళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకొని కావలి పోయి చేపలు అమ్మింది. బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. కూర్చున్నా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. కండక్టరు ఎప్పుడూ వెనక్కి పొమ్మనేవాడు. అందుకని ఆమెకు ఒకటే కోరిక. సొంత కారులో ముందు సీట్లో కూర్చొని, అద్దం దించుకొని, కావలి బజారు మధ్యగా పోవాలి. బావకు కారు మీద ఆశ లేదు, పడవ ఉంటే చాలు ఆయనకు. ఆమె పోరు పడలేక కొన్నాడు. ముదురు నీలం రంగు ఆమే ఎంచింది.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవను నీళ్ళలోకి దించేటప్పుడు ఇంటి ఆడమనిషి పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తుంది. దాన్ని కుడి అరచేతికి పూసుకొని పడవ ముక్కు మీద గట్టిగా ఒత్తుతుంది. ఆ ఎర్రటి చెయ్యి గుర్తును మనుషులెవరూ తుడవకూడదు. కెరటమే తుడవాలి. మూడు నాలుగు వేటలకు అదే పోతుంది.

కారు ఇంటికి వచ్చిన రోజు అక్క అదే పని చేసింది. బానెట్టే దీనికి ముక్కు అనుకుంది. పారాణి చెయ్యి వేసింది, కొబ్బరికాయ కొట్టింది. కారుకు కెరటం ఎక్కడిది? ఎవరూ తుడవలేదు. పన్నెండు రోజులు కారు ఇంటి ముందు ఎండలో ఉంది. సున్నం ఆ పన్నెండు రోజులూ పెయింటు పైపొరను తింటూ కూర్చుంది.

ఉప్పుగాలికి కారు పాడవుతుందని, కోటింగు వేయించమని నేనే వాళ్ళను రమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు. అక్క ముందు సీట్లోంచి దర్జాగా దిగింది. బావ దిగుతూనే బానెట్ చూపించాడు.

"రే బామ్మర్దీ, మీ అక్క నామీద ఎప్పుడూ చెయ్యెత్తలా. కారుకు మాత్రం ఒకటి పీకింది చూడు."

"ఎత్తలేదని ఎవురికి చెప్తుండావు?" అంది అక్క. "మా తమ్ముడికి తెలవదా?"

నేను కారు కడిగాను. ఎరుపంతా పోయింది. చెయ్యి పోలేదు. నీలం మీద పాలిపోయిన మచ్చగా, అరచెయ్యీ వేళ్ళూ అలాగే నిలిచాయి. లైటు పెట్టి చూస్తే మిగతా కారు ఒంటి నిండా సాలెగూడు లాంటి సన్నటి గీతలు.

"కొత్త కారుకు గీతలేందిరా?" అన్నాడు బావ.

"అమ్మినోళ్ళు మురికి గుడ్డతో తుడిచినారు బావా. కొత్తదైనా ముందు మెషిను పట్టాల. గీతలు పోయినాకనే కోటింగు. గీత మీద ఏస్తే గీత లోపలే ఉండిపోతాది."

బావ ఆ మచ్చ మీద వేలు ఆనించాడు. "అట్టయితే మీ అక్క చెయ్యిని ఉండనీ. దానిమీదనే ఎయ్. లోపలే ఉండిపోతాది గదా."

ఆ మాట ఆయన నవ్వులాటకు అన్నాడో నిజంగా అన్నాడో నేను అడగలేదు. నాకు కోపం వచ్చింది.

"నా చేతి మీద పోయే బండికి మరక పెట్టి పంపిస్తే నా మొహాన ఉమ్మరా నలుగురూ? రేపు ఎవురన్నా చూసి ఇది ఎవురి పని అంటే నా పేరు చెప్తావా?"

అక్క బానెట్ పక్కకు వచ్చి నిలబడింది. "కెరటం తుడవాల్సింది గదరా. నువ్వు తుడిస్తే ఎట్టా?"

"ఈ హైవే మీదికి సముద్రం యాడొస్తాది అక్కా? నేనే కెరటం అనుకో."

"బో కెరటానివి లే నువ్వు," అని నవ్వింది. "సరే, కానీ."

ఆ ఒక్క "కానీ" పట్టుకొని నన్ను నేను సమర్థించుకోవచ్చు. అయినా ఆమె నిజంగానే అడిగింది. నేను నవ్వించి దాటేశాను.

కారు పెయింటు మీద కంటికి కనపడని పొర ఒకటుంటుంది. బస్సు టికెట్టంత మందం కూడా ఉండదు. మా పనంతా ఆ పొరను వెంట్రుకవాసి అరగదీయడమే. గీత ఎంత లోతుందో అంత వరకూ చుట్టూ ఉన్నదాన్ని దించితే గీత మాయమవుతుంది. ఎక్కువ దించితే పెయింటు బయటపడుతుంది. అందుకే మందం చూపించే చిన్న మీటరు ఆనించి అంకె చూసుకుంటూ చేస్తాం. మిగతా కారంతా నున్న మందుకే లొంగింది. ఆ చెయ్యి దగ్గర లొంగలేదు. మెషినుకు గరుకు ప్యాడ్ తగిలించాను. నీళ్ళు చల్లాను, మెషిను వేగం తగ్గించాను, పెంచాను. ముందు అరచెయ్యి పోయింది. వేళ్ళు మొండికేశాయి. ఒక్కొక్కటే తీశాను. అక్క బకెట్ బోర్లించుకొని కూర్చొని మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉంది. చివరికి లైటు అటూ ఇటూ తిప్పితే అద్దం తప్ప ఏమీ కనపడలేదు.

"చూడు అక్కా, యాడన్నా ఉందా?"

ఆమె వంగి చూసింది. "నా మొగమే కనపడతా ఉండాది," అంది.

తర్వాత స్పిరిటుతో తుడిచి కోటింగు వేశాను. చిన్న గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి అడ్డంగా నిలువుగా రాస్తే, రేవులో నూనె తెట్టు మాదిరి రంగులు తేలుతాయి. ఆ రంగులు కదలడం ఆగగానే తుడిచెయ్యాలి. ఆలస్యమైతే గట్టిపడి ఊడదు. అది ఆరేదాకా నీటిచుక్క తగలకూడదని రెండు రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను వాళ్ళను.

మూడో రోజు బయల్దేరే ముందు అక్క మా ఇంటామెను అడిగి పసుపు తీసుకుంది. సున్నం వద్దని నేను తిట్టాను కాబట్టి నీళ్ళలో పసుపు మాత్రమే కలిపింది. షెడ్డు దగ్గరికి వచ్చి, అరచేతికి పూసుకొని బానెట్ మీద ఒత్తింది. చెయ్యి తీయగానే పసుపంతా పూసలు పూసలుగా ముడుచుకొని జారి కిందికి పోయింది. ఒక్క వేలు కూడా నిలవలేదు. నేను షెడ్డు వాళ్ళందరినీ కేకేశాను. "చూడండ్రా, ఎట్టా జారిపోతుండాదో! కోటింగంటే ఇదీ!"

అక్క ఇంకోసారి ఒత్తింది. మళ్ళీ జారింది. "ఏందిరా ఇది, నన్ను తోసేస్తా ఉండాది," అంది. చెయ్యి కొంగుకు తుడుచుకొని ముందు సీట్లో కూర్చొని అద్దం దించుకుంది. మా ఇంటామె మాత్రం వాళ్ళు పోయాక, ఆడదాని పసుపు జారిపోతే ఇకిలిస్తావా అని నాకు గడ్డి పెట్టింది.

నాలుగు నెలలకు అక్క పోయింది. రేవు దగ్గర ఎండుచేపలు తిరగేస్తూ కూలబడింది. బావ ఆమెను కారులో వేసుకొని పరిగెత్తాడు. కావలి చేరకముందే అయిపోయింది. నేను పోయేసరికి కారు ఇంటి ముందు నిలబెట్టి ఉంది. వానపడి ఆగింది. దానిమీద ఒక్క చుక్క నిలవలేదు, అన్నీ జారిపోయి నిగనిగలాడుతోంది. దాన్ని చూడబుద్ధి కాక వేరే వైపు నుంచి ఇంట్లోకి పోయాను.

కర్మలన్నీ అయిపోయిన నెలకు బావ ఒక్కడే షెడ్డుకు వచ్చాడు. గడ్డం పెరిగింది. కుశలమేమీ అడగలేదు.

"రే, ఆ లైటు తే."

తెచ్చాను. బానెట్ మీదికి వంగి మూల మూలా చూశాడు. నాకు అర్థమైంది.

"ఏం లేదు బావా."

"కింద ఉంటాదేమో? కోటింగు గీకి చూడు."

"గీకితే కిందిది కూడా పోతాది. పోయేదానికి ఏముంది, లేదు అసలు. నేను సగం పని చెయ్యను."

"ఎరుగుదును లే," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఫోటోలు లేవా అని అడిగాను. కారు వచ్చిన రోజు తీసినవి ఫోనులో చూపించాడు. నాలుగున్నాయి. నాలుగింట్లోనూ ఆయనే బానెట్ ముందు నిలబడ్డాడు, పొట్ట అడ్డం. అక్క పక్కన నిలబడి కుడిచెయ్యి చీరకు తగలకుండా దూరంగా పట్టుకుంది. అరచెయ్యి నేల వైపు తిరిగి ఉంది.

"ఇంట్లో ఆమె చీరలుండాయి," అన్నాడు బావ. "అయ్యి అంగట్లో కొన్నయి. బుట్ట ఉండాది, అది అల్లింది ఇంకెవురో. ఆమె వొంటి గుర్తు అదొక్కటే గదరా."

ఏం చెయ్యాలో తెలియక మందం చూపించే మీటరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. అక్కడ లోతుగా అరగదీశాను కాబట్టి ఆ చోటు అంకె తగ్గుతుందని చెప్పాను. ఆయన గుడ్డివాడు తడుముకున్నట్టు బానెట్ అంతా ఆనించుకుంటూ పోయాడు. నూట పన్నెండు, నూట పది, నూట పన్నెండు. ఒకచోట తొంభై నాలుగు వచ్చింది. పక్కన తొంభై ఒకటి.

"ఈడే!" అని అరిచాడు. "రే, ఈడే ఉండాది!"

టేపు అడిగి తీసుకున్నాడు. అంకె తగ్గిన చోటల్లా చిన్న ముక్క అంటించుకుంటూ పోయాడు. టేపు కూడా ఆ పూత మీద సరిగా అంటదు, ఒక్కొక్క ముక్కను బొటనవేలితో అదిమి పట్టాల్సి వచ్చింది. వేళ్ళు ఏ వైపు పోతాయో చూద్దామని ఆయన ఆశ. నేను ఆపలేదు. ముక్కలన్నీ అంటించాక వెనక్కి జరిగి చూశాడు. గుండ్రంగా ఉంది.

"ఇది చెయ్యి కాదు గదరా."

"కాదు బావా. అది నా ప్యాడ్. గుండ్రంగా తిరుగుతాది."

టేపు ముక్కలు ఆయనే ఒక్కొక్కటీ పీకేసి ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు చూసినావు గదా. లైటేసుకొని అంతసేపు దగ్గరగా చూసినోడివి నువ్వే. ఎట్టుండింది చెప్పు."

"ఎట్టుంటాది బావా, చెయ్యి మాదిరే ఉండింది."

"ఆమె చిటికెనేలు సగంలో వంకర గదా. పెండ్లయిన కొత్తలో పీత కరిచింది, మళ్ళీ సాపు కాలా. అది ఆనిందా, ఆనలేదా? నాలుగేళ్ళే పడినాయా, అయిదూనా?"

ఆ వంకర వేలు నాకు తెలుసు. అప్పటికి నేను చిన్నవాణ్ణి, దాన్ని చూస్తూనే పెరిగాను. కానీ బానెట్ మీద అది పడిందో లేదో ఎంత తవ్వుకున్నా తోచలేదు. ఒక్కొక్క వేలే తీశానని పైన రాశాను, నిజమే. ఎన్ని తీశానో లెక్క లేదు. నేను మరక అంచులు చూశాను. లోతు చూశాను. మీటరు అంకె చూశాను. బొటనవేలు ఏ వైపు ఉందని అడిగినా నేను చెప్పలేను.

"గుర్తులేదు బావా."

ఆయన నా మొహం వంక చూశాడు, దాచిపెడుతున్నానేమో అన్నట్టు. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు.

అయిదూ పడ్డాయని ఒక్కమాట చెప్పెయ్యి, ముసలాయన ప్రాణం కుదుటపడుతుంది అంటుంది మా ఇంటామె. నాకు నోరు రాదు. ఒకవేళ ఆ వేలు పడకపోయి ఉంటే, నా మాట నమ్మి ఆయన ఇంకెవరిదో చెయ్యి తలుచుకుంటూ కూర్చుంటాడు.

వారానికోసారి ఫోన్ చేస్తాడు. నిన్న కూడా చేశాడు. వేట ఎట్టా ఉందో చెప్పాడు, నా మోకాళ్ళ నొప్పి అడిగాడు. ఆ తర్వాత ఫోన్‌లో గాలి మోత తప్ప ఏమీ లేదు. ఆయన అడగకముందే నేనే అన్నాను, "లేదు బావా, ఇంకా గుర్తుకు రాలా."