మా అక్క కోసమని చెప్పి

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. వచ్చిన పిల్లలకు ఏ కోర్సు ఎన్నాళ్లు, కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది, చేరితే ఉద్యోగం వస్తుందా రాదా అన్నవి చెప్పడం నా పని. రోజంతా మాట్లాడాలి, అదీ నవ్వుతూ మాట్లాడాలి. నాకు ఆ నవ్వడమే కష్టమైపోయింది.

రెండో కాన్పు తర్వాత మొదలైంది. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా కొంచెం మూత్రం పడిపోయేది. పచ్చి ఒళ్లు కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను. పిల్లలు కాలేజీకి వచ్చినా సర్దుకోలేదు. చివరికి నేనే సర్దుకున్నాను. బయటికి వెళ్లాలంటే ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా నిలబడేదాన్ని. దాహం వేసినా గుక్కెడు తాగి ఆపేసేదాన్ని. యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి పంజాగుట్ట దాకా ఏ హోటల్ మెట్ల కింద బాత్రూమ్ ఉందో, ఎక్కడ తలుపుకు గడియ పడదో నాకు తెలుసు. మా ఆయన బండి మీద ఎక్కడికి వెళ్లినా దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపమనేదాన్ని.

"ఇంట్లకెల్లి ఇప్పుడే గద ఎల్లినం. జర ముందే చూస్కోవద్దా?" అని విసుక్కునేవాడు.

షుగర్ ఉందేమో చూపించుకొమ్మన్నాడు ఒకసారి. పరీక్ష చేసి లేదన్నారు. ఆ మాటతో ఆయన ఆ సంగతి వదిలేశాడు, నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన దగ్గర దాచిందంటూ ఉంటే ఇదొక్కటే.

ఒక రోజు ఏఐ కోర్సుకు డెమో క్లాసు పెట్టారు. హాలు నిండిపోయి కొందరు నా బల్ల చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో ఒకమ్మాయి ఏదో అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చీర తడిసిందని వెంటనే తెలిసింది. లేచి వెళ్లబోతుంటే నా పక్క సీటామె, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ, నా కుర్చీ మెత్త మీద మరక చూసింది.

"నీళ్లు ఒలికాయా మేడమ్?"

"అవును, బాటిల్ మూత సరిగ్గ పెట్టలే," అన్నాను.

బాటిల్ బల్ల మీదే ఉంది. మూత బిగించే ఉంది. ఆవిడ బాటిల్ వంక చూసి, నా వంక చూడకుండా కంప్యూటర్ వైపు తిరిగింది. నేను మళ్లీ కూర్చున్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయే దాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా అత్తమ్మకు కళ్లు చూపించడానికి పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి ఆడవాళ్ల బాత్రూమ్‌లో తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు మూత్రం పడిపోతోందా, ఇది చాలామందికి ఉంటుంది, దీని మీద విశ్వవిద్యాలయం తరఫున పరిశోధన చేస్తున్నాం, ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాల్లో రాశారు. నా మనసులో ఉన్నది ఎవరో గోడ మీదికి ఎక్కించినట్టు అనిపించింది. బయట ఎవరో తలుపు తట్టారు. గబగబా నంబరు ఫోన్‌లో ఎక్కించుకుని, చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ బయటికి వచ్చాను.

మర్నాడు ఫోన్ చేయడానికి ఒక్కదాన్నే పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. ఆ రొదలో నా మాట పక్కవాళ్లకు వినపడదని ధైర్యం. అవతల ఒక అమ్మాయి గొంతు, ఫిజియోథెరపీలో పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పింది.

"సమస్య ఎవరికండీ?"

"మా అక్కకు."

"ఆవిడకి దగ్గినప్పుడు పడిపోతోందా, లేకపోతే బాత్రూమ్‌కి వెళ్లేలోపే ఆగట్లేదా?"

"దగ్గినప్పుడు. నవ్వినా గంతే."

"రాత్రి పడుకున్నప్పుడు?"

"లే, అప్పుడేం కాదు," అని టక్కున చెప్పేసి నాలుక కరుచుకున్నాను. అక్క పడుకున్నప్పటి సంగతి నాకెలా తెలుస్తుంది?

"సరేనండి, శనివారం అక్కగారిని తీసుకురండి," అంది ఆ అమ్మాయి.

నాకు అక్క లేదు. నేనే ఇంటికి పెద్దదాన్ని.

శనివారం ఇంట్లో యోగా క్లాసని చెప్పి వెళ్లాను. ఆసుపత్రి వెనక చిన్న గది. ఆ అమ్మాయి నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసి, "అక్కగారు రాలేదా?" అని అడిగింది.

"రాలె," అన్నాను. "నేనే వచ్చిన."

ఆమె కుర్చీ దగ్గరికి లాగింది. "మంచిదండి, కూర్చోండి." అది ప్లాస్టిక్ కుర్చీ. హమ్మయ్య అనుకుని కూర్చున్నాను.

ఈ తంటాకు కొన్ని వ్యాయామాలు ఉన్నాయని, వాటిని గదికి వచ్చి నేర్చుకున్న ఆడవాళ్లకూ, ఫోన్‌లో చూసి నేర్చుకున్నవాళ్లకూ ఫలితంలో తేడా ఉందా అన్నది తమ పరిశోధన అని ఆమె వివరించింది. పేర్లు ఎక్కడా రావని రెండుసార్లు చెప్పింది. నేను గదికి వచ్చేవాళ్ల జట్టులో పడ్డాను. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ నాలో నేను కూడా పూర్తిగా అనుకోని మాటలు ఆమె టమాటాల ధర అడిగినట్టు అడుగుతుంటే నేను నేల చూస్తూ జవాబులు చెప్పాను.

"మీ అమ్మగారికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ ఇలా ఉందా?"

"అమ్మ లేదు. ఎప్పుడూ చెప్పలే."

"ఇంట్లో ఇంకెవరికైనా?"

లేదనబోయి ఆగిపోయాను. మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఎంత చలైనా బండల మీదే కూర్చుంటుంది తప్ప సోఫా ఎక్కదు. అందరికంటే ముందు లేచి తన బట్టలు తనే ఉతుక్కుంటుంది, ఇంకొకరిని ముట్టనివ్వదు. చుట్టాలింట్లో పెళ్లిళ్లకు రమ్మంటే ఏదో ఒక సాకు చెప్తుంది. ఆమెకు పొగరని చుట్టాలు అనుకున్నారు. ఇంట్లో మేము మహారాణి అని నవ్వేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే. చీరలు ముదురు రంగువి ఏరుకుంటూ, బాత్రూమ్‌లు లెక్కపెట్టుకుంటూ తిరిగే నాకు, అదే ఇంట్లో ఇంకో ఆడమనిషి ఏం దాచుకుంటోందో తట్టలేదు.

"మా అత్తమ్మకు ఉందేమో మేడం."

"అత్తగారు ఈ ప్రశ్నలోకి రారండి. రక్తసంబంధం ఉండాలి," అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అత్తమ్మ వంటగదిలో కింద కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, దగ్గినప్పుడు నీకు బట్టలు తడుస్తయా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. నాకు సుత గట్లనే అయితది."

"నీకెందుకైతది? నీ వయసెంత?" గోరుచిక్కుడు మళ్లీ అందుకుని, "వానికి ఎర్కనా?" అంది. వాడంటే మా ఆయన.

"ఎర్క లేదు."

"చెప్పకు. నీది చెప్పకు, నాది చెప్పకు."

అంతే, గిన్నె అక్కడే వదిలేసి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు మాతో కలిసి తినలేదు. తర్వాత కూడా కొన్నాళ్లు నాతో మాట్లాడాల్సి వస్తే గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది. ఆమె స్నానం చేస్తుండగా నేను తలుపు తోసినట్టయింది. తోసింది మంచికే అని నాకు నేను చెప్పుకున్నా ఆ సిగ్గు పోలేదు.

అత్తమ్మను కూడా పరిశోధనలో చేర్చుకుంటారా అని అడిగాను. అంత వయసువాళ్లను ఇందులో తీసుకోవడం లేదని, విడిగా డాక్టరుకు చూపిస్తామని ఆ అమ్మాయి చెప్పింది. అత్తమ్మ ససేమిరా అంది. "గీ వయసుల పోయి ఎవలకో చెప్పుకోవాల్నా?" అంది. సరే, నాకు నేర్పిందే ఆమెకు నేర్పుతానన్నాను. అదీ వద్దంది. తర్వాత ఒక మధ్యాహ్నం తనే వచ్చి, "ఏం జెయ్యాల్నో చెప్పు," అంది, ఎటో చూస్తూ.

"మూత్రం వస్తుంటే ఆపుకున్నట్టు బిగబట్టి, మెల్లగ వదలాలె. ఊపిరి మాత్రం ఆపొద్దు."

ఆమె ప్రయత్నించింది. ముఖం కూడా బిగుసుకుంది. "గింతేనా? దీనికి యూనివర్సిటీ కావాల్నా?" అంది.

ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వీనవ్వగానే ఇద్దరం ఒకేసారి కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాం. అది చూసుకుని ఇంకా నవ్వొచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసి, విశ్వవిద్యాలయంలో పరిశోధనల ప్రదర్శన ఉందని, వీలైతే రమ్మని పిలిచింది. పెద్ద హాలు. వరసగా బోర్డులు. ఉప్పు నేలలో పండే వరి మీద ఒకటి, డెలివరీ యాప్‌లు వచ్చాక గల్లీ కిరాణా కొట్లు ఎలా నెట్టుకొస్తున్నాయని ఒకటి, ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం ఎక్కడికి పోతోందని ఇంకొకటి. వాటి ముందు జనం ఉన్నారు. మాది చివర మూలన ఉంది. దాని మీద ఒక ఫొటో: గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్లు, వెనక నుంచి తీసింది. ముఖాలు లేవు. కానీ ఆ మెరూన్ చీర నాది, ఆ జడ నాది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని జడ దాచుకున్నాను.

ఇద్దరు విద్యార్థులు బోర్డు పైన రాసింది చదివి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒక పెద్దాయన వచ్చి, మర్యాదగానే అడిగాడు.

"ఇది నిజంగా అంత పెద్ద సమస్యా అమ్మా? మా ఇంట్లో ఆడవాళ్లు ఎప్పుడూ అనగా వినలేదే?"

"అనరండి. అదే కదా సమస్య," అంది ఆ అమ్మాయి. అంటుండగా ఆమె చూపు నా మీదికి వచ్చింది. చెప్పమని కాదు, ఊరికే వచ్చింది. నేను ఒక్క మాట అంటే చాలు, ఆయనకు అర్థమయ్యేది. నేను పక్కకు తిరిగి వరి బోర్డు దగ్గరికి వెళ్లిపోయాను. అక్కడున్న కుర్రాడు నాకు వ్యవసాయం మీద ఆసక్తి ఉందనుకుని, ఉప్పు నేలలో వేళ్లు ఎలా తట్టుకుంటాయో ఓపిగ్గా వివరించాడు. ఊ కొడుతూ నిలబడ్డాను. నా వెనక ఆమె ఒక్కతే జవాబులు చెప్తూ ఉంది.

వెళ్లేటప్పుడు, "మేడం, నేను అక్కడ..." అన్నాను.

"పర్వాలేదండి. మీరు వచ్చారు, అదే చాలు."

ఆమె మనస్ఫూర్తిగానే అంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. బయటికి వచ్చి, తల ఎత్తకుండా బస్టాపు దాకా నడిచాను.

నాకు చాలా వరకు తగ్గింది. జలుబు చేస్తే మాత్రం ఇప్పటికీ భయమే. అత్తమ్మకు అంత తగ్గలేదు. అత్తమ్మ చెప్పొద్దంది కాబట్టి మా ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

ప్రదర్శన రోజు ఇంటికి వచ్చాక, అక్కడ ఫోన్‌లో తీసుకున్న బోర్డు ఫొటో అత్తమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీమె నువ్వేనా?"

"ఆఁ."

"మొఖం కనిపిస్తలేదు. మంచిగైంది." వేలితో ఫొటో అటూ ఇటూ జరిపింది. "నన్ను సుత రాసిండ్రా?"

"లేదత్తమ్మా. నీ వయసోళ్లను తీస్కోలే."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. ముఖం చిన్నబోయింది.

"ఎందుకు తీస్కోరు? మాకే గద ఎక్కువుంటది," అంది.