కుక్కల షెడ్డులో తిట్ల హాజరు

మా తాత కాలేషా ఇరవయ్యేళ్ళు ఊళ్ళో చెత్తబండి తోశాడు. ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరు ఎవరిని ఏ మాటతో తిట్టారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మోకాళ్ళు అరిగాక ఆయన్ను మాచర్ల రోడ్డులోని కుక్కల షెడ్డుకు వేశారు. అక్కడ వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. పుండు మానాక ఏ కుక్కను ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. అది రూలు. వేరే వీధిలో దించితే అక్కడి కుక్కలు దాన్ని చీల్చేస్తాయి.

పట్టేవాడు అమ్జద్. పట్టిన వీధి పేరు అట్టముక్క మీద రాసి కుక్క మెడకు కడతాడు. దాన్ని చూసి రిజిస్టరులో ఎక్కించడం, కుక్కలకు అన్నం పెట్టడం, చివరికి దించిరావడం తాత పని. అక్షరాలతో ఆయనకు పెద్ద స్నేహం లేదు. అందుకని రిజిస్టరును రేపటికి, రేపటి నుంచి ఎల్లుండికి జరుపుతూ వచ్చాడు. ఆ వారం పద్దెనిమిది కుక్కలు. కోడికాళ్ళ పులుసుతో కలిపిన అన్నం పెళ్ళి వడ్డనలా ఎత్తు నుంచి వేశాడు. పులుసు మెడల మీద పడింది. మర్నాడు చూస్తే ఒక్క మెడకూ అట్ట లేదు. ఒకదాని వీధిని ఇంకొకటి తినేసింది.

అమ్జద్ చుట్టాల పెళ్ళికని చిలకలూరిపేటలో ఉన్నాడు. ఫోను చేస్తే, "దేన్ని యాడ పట్టానో నాకేం గుర్తుంటది మామా, అట్టముక్క చూసుకో," అన్నాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు చంద్రమౌళి వచ్చి ఖాళీ రిజిస్టరు తిరగేశాడు. "సాయంత్రానికి పద్దెనిమిదీ వాటి వాటి వీధుల్లో ఉండాలి కాలేషా. ఒక్కటి తప్పినా రేపట్నుంచి నువ్వు రావొద్దు."

తాత బోనుల వైపు చూశాడు. పద్నాలుగు కుక్కలది ఒకటే గోధుమరంగు. ఊళ్ళో కుక్కకు ముద్ద వేసేవాళ్ళు ఊరికే వేయరు, తిట్టి వేస్తారు. ఆ సంగతి గుర్తుకు రాగానే కండువాను కొంగులా తల మీద కప్పుకొని గొంతు సన్నం చేశాడు.

"మళ్ళా దాపురించావంట్రా తిండిపోతు సచ్చినోడా. ఇంద, మింగు."

మూడో బోనులో ఒక గోధుమ కుక్క లేచి తోక ఊపింది.

"నూనెమిల్లు వీధి సార్. ఇందిరమ్మ తిట్టు," అన్నాడు తాత.

కండువా తీసి భుజాన వేసుకుని ఈసారి గొంతు బొంగురు చేశాడు. "మీ తాతేమన్నా ఈడ బన్నులు దాచిపెట్టి పోయాడంట్రా?" ఇంకోటి లేచింది. అది రైలుగేటు దగ్గర పాండురంగారావు టీకొట్టుది.

మధ్యాహ్నానికి పదిహేడు తేలాయి. తోక కొస తెల్లగా ఉన్నది మాత్రం కాళ్ళు చాపుకొని పడుకునే ఉంది. ఊళ్ళో తిట్లన్నీ అయిపోయాయి. చంద్రమౌళి కూడా పక్కకొచ్చి, "మా అత్తగారిది ఒకటుంది, చూద్దామా?" అని అడిగి మరీ తిట్టాడు. కుక్క మొహం గోడవైపు తిప్పుకుంది. తాత నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

అప్పుడు మా నాయనమ్మ బీబీ ఫోను చేసింది. తాతకు చెవి మందం కాబట్టి ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది.

"ఏందయ్యా, అన్నం రాయయింది, యాడ ఊరేగుతుండావు? వస్తావా, ఎత్తి కాలవలో పొయ్యనా?"

తాత లేచి నిలబడ్డాడు. చంద్రమౌళి కూడా ఎందుకో నిలబడ్డాడు. తెల్లతోకది ఒక్క ఉదుటున లేచి, కమ్మీలకు మూతి ఆనించి ఒళ్ళంతా ఊపేసింది.

ఊరి గొంతులన్నీ పలికించిన తాత ఆ ఒక్క గొంతు జోలికి పోలేదు. నలభయ్యేళ్ళుగా దాన్ని వినడమే ఆయన పని. పైగా గడపలో కుక్క కనపడితే పుట్టింటికి పోతానని ఆమె ఏనాడో చెప్పింది.

"ఏమే బీబీ, మనింటి యెనక కుక్కకేమన్నా అన్నం పెడతన్నావా?"

"నేనెందుకు పెడతా. నాలుగు రోజులుగా అన్నం మిగిలిపోతంది. యాడ సచ్చిందో ఏమో, కనపడలా."

సాయంత్రానికి పద్దెనిమిదీ దిగాయి. తాత పని నిలబడింది. చంద్రమౌళి సంతకం పెట్టి, రిజిస్టరులో 'పట్టిన చోటు' పక్కన 'తిట్టు' అని కొత్త గడి గీశాడు. పదిహేడు వరసల్లో తాతే కష్టపడి రాశాడు. పద్దెనిమిదో దాని దగ్గర కలం మూసేశాడు.

"ఇదీ రాయి," అన్నాడు చంద్రమౌళి.

"అది కుక్కది కాదు సార్, నాది."