రెండో పొయ్యి

పెరెనెట్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని బోన్ పట్నం చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అనుకునేవారు. అది నిజమే. కానీ మహమ్మారి వచ్చిన ఏడు ఆమె చర్చి ముంగిట ఊరందరి ముందు చూపిన కోపం వేరు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె తండ్రి జిరార్ ద్రాక్షతోట కాపు. తోటలో గొడ్డుచాకిరీ చేసేది అతనే అయినా, మనిషీ మట్టీ కూడా బర్గండీని ఏలే దొర డ్యూక్‌వే. అలాంటి కాపుల తోట బిడ్డలకు దక్కాలంటే ఓ షరతు ఉండేది. బిడ్డ తండ్రితో ఒకే కప్పు కింద ఉండి, ఒకే పొయ్యి మీద వండిన కూడు తినాలి. పొయ్యి వేరైతే కాపురం వేరైనట్టే లెక్క. తండ్రి కన్ను మూయగానే తోట దొరది అయిపోతుంది. అందుకే పెరెనెట్ పెళ్లయ్యాక కూడా పుట్టిల్లు వదల్లేదు, మొగుడు తెవెనే మూటాముల్లె సర్దుకుని వచ్చాడు. ఇల్లరికపు అల్లుడని ఊరంతా ఆట పట్టిస్తే పాపం అతను నవ్వి ఊరుకునేవాడు.

ద్రాక్ష కోతలు అయిపోయాయి. పెరెనెట్ కూతురు ఇంకా చంకదిగని పిల్ల. అప్పుడు జిరార్‌కు చంకలో మహమ్మారి గడ్డ లేచింది. అతను ఎవరితోనూ చెప్పకుండా దుప్పటీ, చట్టీ, కాసిని బఠానీలూ పట్టుకుని ద్రాక్ష పిండే కొట్టంలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. కాసేపటికి కొట్టం కప్పులోంచి పొగ లేచింది. పెరెనెట్ తలుపు బాదింది, బతిమాలింది, తిట్టింది. ఇంట్లో కాల్చిన రొట్టె తెచ్చి గడప మీద పెట్టింది. అతను ముట్టుకోలేదు. పిల్లను తీసుకుని అవతలికి పొమ్మని మాత్రం లోపల్నుంచి అరిచాడు. కొద్ది రోజులకు పొగ ఆగిపోయింది.

అవే రోజుల్లో డ్యూక్ కూడా పోయాడు. మీసాలైనా సరిగా రాని కుర్రాడు, బిడ్డాపాపా లేరు. ఆ వంశం అతనితోనే ఆఖరు.

జిరార్‌ను పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు, దొరవారి అధికారి బెర్తో ఊళ్లోకి దిగాడు. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి ముంగిట నిలబడి రెండు కబుర్లు చెప్పాడు. జిరార్ ఇంట రెండు పొగలు లేచాయి గనక అతని తోట దొరవారికి చెందుతుంది. దొరవారు లేరు గనక రాజ్యం ఆయన చుట్టమైన ఫ్రాన్సు రాజుగారికి చెందుతుంది. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు, ఆ పెద్దమనిషికి ఏమీ అనిపించలేదు.

పెరెనెట్ పిల్లను చంకనేసుకుని ముందుకొచ్చింది.

"రాజుగారూ పోయిన దొరబాబూ ఒకే కుండలో కూడు తిన్నారా అయ్యా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. బెర్తో ముఖం ఎర్రబడింది. రాజుగారు ఎక్కడో పారిస్‌లో ఉంటారనీ, ఆయన్ది రక్తసంబంధమనీ అన్నాడు.

"మరి నాది నీళ్ల సంబంధమా? పుట్టిన కాణ్ణుంచీ మా నాన్న పొయ్యి మీదే తిన్నాను. నాలుగు పూటలు వేరే పొయ్యి ఎలిగిందని నా తోట లాక్కుంటున్నారు. ఒక్క పూట తినని ఆయనకి దేశమంతా ఇచ్చేశారు. ఇదెక్కడి న్యాయమండీ?"

"పెద్దోళ్లతో నీకు పోలికేంటే? తప్పు మీ నాన్నది. ముసలాడికి ఆచారం తెలీక పొయ్యి ఎలిగిస్తే నన్నేం చెయ్యమంటావు?"

పెరెనెట్ కూడా తండ్రి పోయిన దగ్గర్నుంచీ అదే అనుకుంది. జ్వరంలో మతి తప్పి ముసలాయన కొంప ముంచాడని రోజూ లోలోపల తిట్టుకుంది.

పక్కింటి ఆలిస్ ముసలమ్మ కర్ర ఊతంతో లేచింది.

"తెలీకపోవడమేంటి బాబూ? ఈ ఊళ్లో ఇట్టాంటి తగువులన్నిటికీ సాక్ష్యం చెప్పింది ఆ జిరారే గదా. కొట్టం గోడవతల నిలబడి నేనే చెప్పాను, పొయ్యి ఎలిగించమాక, తోట పోద్దని. పోతే పోనీ ఆలిస్, పిల్ల బతికితే చాలన్నాడు."

పెరెనెట్ పిల్లను గట్టిగా హత్తుకుంది. తండ్రిని తిట్టుకున్న తిట్లన్నీ ఇప్పుడు ఆ ఆచారం మీదికి మళ్లాయి. చావబోయే మనిషిని మనవరాలు కావాలో తోట కావాలో తేల్చుకోమనే ఆచారం ఏం ఆచారం? దాన్ని పెట్టినవాడి నోట మట్టి పడ.

బెర్తో గొంతు సవరించుకుని, కొత్త దొరవారైన రాజుగారి పేర అందరూ మోకరిల్లాలన్నాడు. జనం ఒక్కొక్కరే వంగారు. తెవెనే కూడా వంగి భార్య గౌను అంచు పట్టి లాగాడు. ఆమె కదల్లేదు.

"నీకు వేరే చెప్పాలా?" అన్నాడు బెర్తో.

"మా నాన్నని పూడ్చిన కాడికెళ్లి వంగుతానయ్యా. నా బిడ్డ కోసం తోట వదులుకున్న దొర ఆయనే," అని పెరెనెట్ శ్మశానం వైపు నడిచింది.